గుర్వమ్మ అరచేతి ఉప్పు

ఆలంపూరు
తెలంగాణ వచ్చిన ఎనభై నాలుగో ఏడు, కార్తీకం, శుక్రవారం పొద్దున

ఈ కాగితాలు చేతికందిన నీకు,

నీ గుండె నీ మాట వినకుండా కొట్టుకున్న రోజు ఒక్కటైనా ఉందా? ఉంటే ఎవరికి చెప్పుకున్నావు? ఎవరికీ చెప్పుకోలేదంటే, ఎవరికి భయపడ్డావు?

నాకే భయపడి ఉంటావు. నేను గోపయ్యను. ఆలంపూరు నుంచి నారాయణపేట దాకా, అటు నల్లగొండ సంతల దాకా నలభై రెండేళ్లుగా బల్లెక్కి చల్లదనాన్ని చాటినవాడిని. నీ పెళ్లినాడు నీ నెత్తిన చేయి పెట్టి "మోహం లేని జత, ముల్లు లేని బాట" అన్నది నేనే కావచ్చు. మన ముత్తాతల కాలంలో ప్రేమించారని కన్నబిడ్డలను నరికారు, కాదన్నదని ఆడపిల్ల ముఖం కాల్చారు. అది చూసి తాళలేకే పెద్దలు శాంతి మండలి పెట్టారు. మందలో నెమ్మది పొట్టేలును ఏరి ఉంచినట్టు, మనుషుల్లో నెమ్మది రక్తాన్ని ఏరి జతలు కట్టారు. మూడు తరాలు తిరిగేసరికి మోహమనేది మనలో పుట్టడమే మానేసింది. ఎక్కడైనా ఒకరిద్దరు వేడి మనుషులు పుడితే, ఏరివేత నాడు చల్లసూది వేసి సరిచేస్తున్నారు. ఇదంతా మంచిదని చెప్పాను. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. సగం లేదు, అంతే.

ఆ సగం ఈ ఉత్తరాల్లో ఉంది. ఇవి నాకూ సోమశిల గొర్లకాపరి గుర్వమ్మకూ అయిదు నెలలుగా నడిచినవి. నేను పంపినవాటికి నకళ్లు ఉంచుకున్నాను. ఒక్క అక్షరం దిద్దలేదు. నాకు సిగ్గుచేటైనవి కూడా ఉంచాను. చివరిదాకా చదువు. చివరన నీతో పని ఉంది.

గోపయ్య


సోమశిల, కొల్లాపూరు దగ్గర
ఆషాఢం

గోపయ్య గారికి గుర్వమ్మ రాయునది.

నేను మంచిగున్న. మీరు మంచిగున్నరని తలుస్త. నన్ను గుర్తుపడతరో లేదో. మీ మేనమామ చిన్నబిడ్డను. నలభై రెండేండ్ల కింద మండలి ముందర మీ పక్కన నిలబడ్డదాన్ని. ఆ దినం నాకు చల్లసూది ఏసిండ్రు. మీరు బల్లెక్కి పురాణం చదివిండ్రు. అటెన్క మనం కలువలేదు.

ఫోను చేయకుండ కాగితం ఎందుకంటే, ఫోనుల గొంతు వణికితే మండలికి ఎరుకైతది. నా గొంతు వణకదు. మీది ఎట్లనో నాకు తెల్వదు. ఉన్ని బండి అంజన్న ఆలంపూరు దిక్కు వస్తుంటడు, అతని చేతికిచ్చి పంపుతున్న.

సంగతి నాగరాణిది. మా అన్న మనుమరాలు. పందొమ్మిదేండ్లు. తల్లి కన్నది, ఇంక నాకు పని లేదన్నది, పోయింది. ఈ కాలపు తల్లులంతే గద. నేనే సాదిన. మండలి దానికి వనపర్తిల ఒక నెమ్మది పిలగాన్ని జత చూసింది. జత చీర తెచ్చుకొమ్మని నారాయణపేట పంపిన. ఇప్పటి చీరలన్నీ బూడిద రంగువి, సున్నం రంగువి. ఇది తెచ్చిన చీర అంచుల ఒక్క ఎర్ర పోగున్నది.

"తప్పు పడ్డదే, మార్చుకరా పో," అన్న.

"తప్పు గాదవ్వా, నాకోసమే పడ్డది. నేను నవ్విన. మగ్గం మీది పిలగాడు నా దిక్కు చూసిండు, పోగు తెగింది. అతుకుదామని చెయ్యేస్తే ఎర్రది దొరికిందంట."

"ఎర్ర నూలు గా ఇంట్ల ఎట్లున్నది? బందువెట్టిండ్రు గద?"

"అవ్వా! ఇన్ని ముచ్చట్ల నీకు గదొక్కటే ఇనవడ్డదా?"

పిలగాని పేరు శివకృష్ణ. అటెన్క ఇది మూడుసార్లు నారాయణపేట పోయింది. ఏం కొనలే. మండలి నిర్మలమ్మ మా ఇంటికొచ్చి దీని నాడి పట్టింది. పట్టుకొని పిలగాని పేరు అన్నది. నాడి ఎగిరింది. "వేడి మనిషి" అని రాసుకపోయింది. కార్తీకం రెండో శుక్రవారం కొల్లాపూరుల ఏరివేత. ఇద్దరికి సూది.

మీ మాట మండలి ఇంటది. ఒక్క మాట చెప్పుండ్రి. నాకు బాధయి రాస్తున్ననని అనుకోవద్దు, నాకు బాధ కాదు. పిల్ల అన్నం తింటలేదు. మేత ముట్టని గొర్రెను కాపరి చూసుకోవాలె. గంతే.

గుర్వమ్మ


ఆలంపూరు
శ్రావణం

గుర్వమ్మ గారికి శుభం.

మీ ఉత్తరం చేరింది. మిమ్మల్ని గుర్తుపట్టాను.

కాని మీరు అడిగింది ధర్మం కాదు. ఈ తుంగభద్ర ఒడ్డున రోజూ నేను చెప్పేదేమిటి? తపస్సులో ఉన్న శివుడి మీదికి మన్మథుడు చెరుకు విల్లు ఎక్కుపెట్టాడు. పూలబాణమే కదా అని స్వామి ఊరుకున్నాడా? మూడో కన్ను తెరిచాడు. పిడికెడు బూడిద మిగిలింది. లోకం చల్లబడింది. దేవుడు కాల్చిన దాన్ని మనం ఊది రాజేయాలా?

గురువు లేడు, బడి లేదు. గొర్ల వెంట తిరుగుతూ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకున్న పుస్తకం నాది. అది సరిగ్గా ఆ బూడిద దగ్గరే ముగుస్తుంది. తర్వాతి ఆకులు చెదలు తిన్నాయి. తినడం మంచిదే అయింది. అక్కడికి మించి మనిషికి తెలియాల్సింది లేదు.

పాత రోజుల్లో తెగిన తలలు మరిచారా? మీరు కాపరి. కుమ్ముకునే పొట్టేలును మందలో ఉంచుతారా? సూదికి నొప్పి ఉండదని నాకంటే మీకే బాగా తెలుసు. మర్నాటికి పిల్ల అన్నం తింటుంది. మళ్లీ రాయవద్దు.

గోపయ్య

అన్నట్టు, మీ కుడి అరచేతిలో కొడవలి గాటు ఒకటి ఉండేది. చలికాలం సలుపుతుందా? ఊరికే అడిగాను.


సోమశిల
శ్రావణం బహుళం

గోపయ్య గారికి,

రాయొద్దన్నరు. గని ప్రశ్న అడిగిండ్రు. అడిగినదానికి జవాబియ్యాలె గద.

గాటు సలుపదు. మీరు రాసినంక చెయ్యి తిప్పి చూసుకున్న. గీత ఉంది. ఎట్లయిందో చెప్త, తప్పుంటే దిద్దుండ్రి. ఒక గొర్రె ఈని చచ్చిపోయింది. దాని పిల్లను ఇంకో గొర్రెకు మాలిమి చేస్తున్నం. పిల్ల ఒంటికి ఉప్పు రాస్తే గొర్రె నాకుతది. నాకంగ నాకంగ నాదే అనుకుంటది, పాలిస్తది. ఉప్పు నేను రాస్తున్న. పొద్దుగాల తుమ్మ మండలు కొడుతుంటే తెగిన చెయ్యి. ఉప్పు దిగి మండింది. "అవ్వో" అన్న. మీరు నా చెయ్యి గుంజుకొని ఆ ఉప్పంత నాలుకతోని నాకిండ్రు. నేను నవ్విన.

ఎందుకు నవ్విన్నో తెల్వదు. జరిగిందంత కండ్ల ముందరనే ఉంది. గని ఎవరిదో పెండ్లి ఫోటో చూసినట్టున్నది. మొఖాలు తెలుస్తయి, బాజా ఇనవడదు.

మండలి పెద్ద "ఈ వేడి ఎవరిది?" అని అడిగితే "నాదొక్కదానిదే" అన్న. మీరు సప్పుడు చేయలే. పుస్తకం తెరిచి బూడిద కథ చదివిండ్రు. వాళ్లు మెచ్చుకున్నరు. నాకు మీ మీద కోపం లేదు. కోపానికి గూడ వేడి కావాలె గద.

పొట్టేళ్ల ముచ్చట తీసిండ్రు. నిజమే, కుమ్మెటోన్ని మేం ఉంచలే. నెమ్మదివాటినే ఏరుకుంట వచ్చినం. ఇప్పుడు నాది సప్పుడు లేని మంద. కుక్కొచ్చినా ఉరకవు. గని ఈనిన గొర్రె పిల్ల దిక్కు చూడదు. ఉప్పు రాసినా నాకదు. పక్కకు జరిగి నెమరేస్తది. పోయినేడు నలభై పిల్లలకు సీసపాలు పట్టిన. పదకొండు బతికినయి. ఏరుడుల ఏం పోయిందో ఏరెటప్పుడు మాకు తెల్వలే.

నిన్న నాగరాణి అడిగింది. "అవ్వా, సూదేస్తే ఏం పోతది?" అని. పోగొట్టుకున్న నన్నే అడిగితే ఎట్ల? మీకు సూది ఏయలేదు. మీ తాన ఉండొచ్చు. ఆ దినం నేను ఎందుకు నవ్విన? రాసి పంపుండ్రి. పిల్లకు చదివి చెప్త.

గుర్వమ్మ


ఆలంపూరు
భాద్రపదం

గుర్వమ్మ గారికి,

మీరు రాసినవేవీ నాకు గుర్తులేవు. ఎప్పటి సంగతి అది.

నిర్మలమ్మ గారు వచ్చి వెళ్లారు. ఈసారి కొల్లాపూరు ఏరివేతలో నేనే పురాణం చెప్పాలట. ఒప్పుకున్నాను. ఆ రోజు మీ పిల్ల బెదరకుండా రెండు మంచి మాటలు చెబుతాను. నేను చేయగలిగింది అంతే.

గోపయ్య


సోమశిల
భాద్రపదం బహుళం

గోపయ్య గారికి,

మీ ఉత్తరం పిల్లకు చదివి చెప్పిన. పక్కున నవ్వింది. వారం దినాల తర్వాత నవ్వింది.

"గుర్తు లేనాయనకు గాటు కుడిచేతిదని ఎట్ల తెలిసె అవ్వా? తలకాయకు లేకుంటే నాలుకకన్న గుర్తుందేమో, అడుగు."

"పెద్దాయనను అట్ల అనొద్దు."

"పెద్దాయన గాదు, పెద్ద దొంగ. బల్లెక్కి ఎట్ల అరుస్తడో ఇన్నవా? గట్ల అరిసెటోని లోపల పొయ్యి మండుతుంటది. సల్లటి మనిషి ఎవ్వడన్న అరుస్తడా? నువ్వు ఎన్నడన్న అరిసినవా?"

నేను యాది చేసుకున్న. సూది ఏసినప్పటి నుంచి అరువలేదు. ఒక్కసారి గూడ.

కింద అది రాస్తనంటాంది. రాయని అన్న.

గుర్వమ్మ

తాతా, నేను నాగరాణిని. నాకు మంచి మాటలేం చెప్పకు. ఒక్క ఉపాయం చెప్పు. నాడి పట్టినప్పుడల్లా నువ్వు ఎట్ల తప్పించుకున్నవు? నాకు, శివకృష్ణకు పనికొస్తది. మేం ఎవ్వరిని నరకం. ఎవ్వరి మొఖం కాల్చం. ఒక్క మగ్గం కాడ ఇద్దరం కూసోని ఒక చీర నేద్దామనుకున్నం. గింతే తాతా, మా వేడి.


ఆలంపూరు
ఆశ్వయుజం

గుర్వీ,

అబద్ధం రాశాను. అన్నీ గుర్తున్నాయి.

ముందు పిల్లకు జవాబు. నాగరాణీ, నీ నోరు కత్తే. దొంగనే, బిడ్డా. ఉపాయం అడిగావు, చెబుతున్నాను. బల్ల మీద నిలబడి అరిచేవాడి నాడి ఎవరూ పట్టరు. గొంతు వణికితే భక్తి అనుకుంటారు. కన్ను తడిస్తే స్వామి పూనాడనుకుంటారు. మీ అవ్వ పేరు ఎత్తాలనిపించిన ప్రతిసారీ దేవుడి పేరు ఎత్తాను. చల్లదనాన్ని పొగుడుతూ నా వేడినంతా అక్కడే తగలబెట్టుకున్నాను. ఈ ఉపాయం పనిచేస్తుంది, నా బతుకంతా పనిచేసింది. కాని ఒకటి విను. దాచుకున్నవాడు నమ్మకం నిలుపుకోవాలంటే నీలాంటి పిల్లలను సూది ముందుకు నడిపించాలి. ఏటా పాతిక మందో, ముప్పై మందో. నేను నడిపించాను. వాళ్ల ముఖాలు చూడలేక కళ్లు మూసుకుని చదివేవాడిని. జనం ధ్యానమనుకునేవాళ్లు.

గుర్వీ, ఇక నీ ప్రశ్న. ఎందుకు నవ్వావని.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. నీ కొప్పుకు గొర్రె బొచ్చు అంటుకుని ఉంది. నీ చేయి పట్టుకున్నది ఉప్పు తీయడానికే, ఒట్టు. నాలుక తగలగానే నీ వేళ్లు ముడుచుకున్నాయి, నా ముక్కు నీ పిడికిట్లో చిక్కింది. నువ్వు వదల్లేదు. "బావా, నువ్వు గూడ గొర్రెవేనా? నాకినంక నాదే అనుకుంటవా?" అన్నావు. "అనుకుంట," అన్నాను. అప్పుడు నవ్వావు. నవ్వి నవ్వి నీ కళ్లలో నీళ్లొచ్చాయి. నీ చెవి కింద నరం కొట్టుకోవడం నాకు కనిపించింది. పక్కన గొర్రె దాని పని అది చేసుకుపోతోంది, పిల్లను నాకుతూ. నాకు ఎండిన చేనుకు నీళ్లు పారినట్టయింది. వెంటనే భయం వేసింది. ఇక ఏది పోయినా తట్టుకుంటాను, ఇది పోతే తట్టుకోలేను అనిపించింది.

సూది వేస్తే పోయేది అదే. పోతే తట్టుకోలేమనిపించేది పోతుంది. అందుకే ఆ తర్వాత మనిషి అన్నీ తట్టుకుంటాడు.

మండలి ముందు నువ్వు "నాదొక్కదానిదే" అన్నావు. నేను "నాది కూడా" అనాలి. రెండు మాటలు. నీకూ నాకూ మధ్య మూరెడు జాగా లేదు. నీ చీర కొంగు గాలికి నా చేతికి తగులుతోంది. పుస్తకం తెరిచాను. బూడిద దాకా చదివాను. తలెత్తేసరికి నిన్ను లోపలికి తీసుకుపోయారు. బయటికి వచ్చి, నన్ను చూసి, దారి తప్పుకుని నడిచావు. ఎదురొచ్చిన పరాయివాడికి దారి ఇచ్చినట్టు.

ఇంకొకటి. చెదలు తినలేదు. ఆ ఆకులు నేనే చించాను. బూడిద తర్వాత కథ ఉంది గుర్వీ. మన్మథుడి భార్య రతి ఆ బూడిద మీద పడి ఏడ్చింది. ఆ ఏడుపుకు కాల్చిన స్వామే కరిగాడు. నీ మగడు ఒళ్లు లేకుండా బతుకుతాడు, ప్రాణమున్న ప్రతిదానిలో ఉంటాడు పొమ్మన్నాడు. కాల్చినవాడే తిరిగి ఇచ్చాడు. పుస్తకంలో ఉంటే ఏదో ఒక రోజు చదవాల్సి వస్తుందని చించాను. పారేయడానికి చేతులు రాలేదు. గొంగడి మడతలో పెట్టి కుట్టుకున్నాను. అదే గొంగడి భుజాన వేసుకుని ఇన్నేళ్లూ బల్లెక్కాను. నిన్న కుట్లు విప్పాను. ఆకులు దీంతో పంపుతున్నాను.

నాకొక సాకు ఉండేది. నాకు కూడా సూది వేస్తే ఆ ఉప్పు రోజు ఎవరి దగ్గరా మిగలదు కదా, నీ వంతు కూడా నేనే దాస్తున్నాను కదా అని. ఇప్పుడు అది నీ చేతికి రాసిచ్చాను. సాకు పోయింది. ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.

బావనని రాసుకునే మొహం లేని
గోపయ్య


సోమశిల
కార్తీకం

బావా,

ముందట గిట్లనే పిలిచేదాన్ని. పిలిచి చూస్తున్న.

ఆకులు అందినయి. ఉత్తరం పిల్లకు చదివిన. సగంల నా చేతులకెంచి గుంజుకొని తనే చదువుకున్నది. ఏడిసింది. ఏడ్సెటోళ్లను ఏం చేయాలెనో నాకు తెల్వలే. ఈనలేక గోసపడే గొర్రె నెత్తి మీద చెయ్యి పెడతం గద, గట్ల పెట్టిన. అది నా చెయ్యి తిప్పి గాటు మీద ముద్దు పెట్టింది.

అది మంద కాడికి పోయినంక, డబ్బల కెంచి ఉప్పు తీసి అరచేతిల పోసుకున్న. నాకి చూసిన.

ఉప్పే.

జరసేపు ఆగి మళ్ల చూసిన. ఉప్పే బావా. నువ్వు రాసిందంత నమ్ముత. గది నాకే అయిందని గూడ నమ్ముత. గని నాకు రాలే. రాని దాన్ని వచ్చిందని నీకు అబద్ధం రాయను.

నీ ఉపాయం పిల్లకు వద్దట. "దాసుకొని, అరుసుకుంట, ఏటేట అందర్ని సూది కాడికి తోలుకుంటనా? తాత బతుకు నాకొద్దవ్వా. పాపం, ఆయనకు గూడ వద్దుండె," అన్నది. ఎర్ర పోగు చీర కట్టుకొని పోతదట. శివకృష్ణ నారాయణపేట కెంచి వస్తుండు.

నిర్మలమ్మ మళ్ల వచ్చింది. "మీ గోపయ్య గారే పురాణం చెప్తరు, ఫికర్ చేయకు," అన్నది. "ఫికర్ నా తాన ఏడిది, మీరే తీసుకుంటిరి గద," అన్న. ఆమె మంచిదన్నది. గది ఎక్కిరింపని ఆమెకు తెల్వలే. నాకు గూడ అన్నంకనే తెలిసింది.

నువ్వు వచ్చేది ఎరుకే. ఏ కథ చెప్తవో అడుగుతున్న. బూడిద దాక చెప్తే పిల్ల నాలెక్క అయితది. మిగిలింది గూడ చెప్తే నువ్వు నాలెక్క అయితవు, వాళ్లు నిన్ను ఇడువరు. రెండిట్ల ఏది బరువో చూసెతందుకు నా తాన తక్కెడ లేదు. నీ తాననే ఉంది.

ఒక్కటి చెప్త. నీకు సూదేస్తే నీకు గూడ బాజా ఇనవడదు. అప్పుడు నా తాన నువ్వు రాసిన కాగితం ఉంటది. మా ఇంటికి రా. ఇద్దరం కూసోని చదువుకుందం. అర్థం కాకున్నా చదువుకుందం.

గుర్వమ్మ


ఆలంపూరు
కార్తీకం, రెండో శుక్రవారం పొద్దున

గుర్వీ,

మిగిలింది కూడా చెబుతాను. వాకిట్లో అంజన్న బండి సిద్ధంగా ఉంది. మన ఉత్తరాల నకళ్లు దారిలో ఊరూరా పంచుతూ వస్తాం. నువ్వు పిల్ల పక్కనే నిలబడు. "ఈ వేడి ఎవరిది?" అని నిర్మలమ్మ అడుగుతుంది. ఈసారి ఆ రెండు మాటలూ పుస్తకం తెరవకముందే అంటాను. అన్నాక రేపటికి నేనెలా ఉంటానో తెలియదు. నీ గాటు ఏ చేతిదో మరిచిపోను, ఎందుకు అడిగానో మరిచిపోతానేమో. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. ఇన్నేళ్లూ నోట్లో ఆ ఉప్పే ఉంది. మింగలేదు, ఉమ్మలేదు.

మీ బావ
గోపయ్య

ఇక ఇది చదివిన నీతో పని.

ఏరివేతకు తెచ్చే సూదుల పెట్టె పక్కన నలభై రెండేళ్లు నిలబడ్డవాడిని, లోపల ఎన్ని ఉంటాయో నాకు తెలుసు. ముప్పై సూదులు. ఎప్పుడూ అంతకుమించి తేరు, ఎప్పుడూ అంతకుమించి అవసరపడలేదు. నేను ఒక్కడినే "నాది కూడా" అంటే ఇంకో సూది ఖర్చవుతుంది, అంతే. పిల్లకూ పడుతుంది, శివకృష్ణకూ పడుతుంది, నాకూ పడుతుంది. కాని ముప్పై ఒకటో మనిషి వచ్చి నిలబడితే ఏం చేయాలో వాళ్ల రాతల్లో ఎక్కడా లేదు. వందో మనిషి వస్తే పెట్టె మూసుకోవాల్సిందే.

నీలో వేడి లేదంటావా? లేకపోతే ఇంతదాకా ఎందుకు చదివావు? గుర్వమ్మ చేయి ఎవరో పట్టుకుంటే నీకెందుకు? నీకు కూడా ఒక పేరు ఉంది. ఎవరైనా నాడి పట్టి ఆ పేరు అంటారేమోనని భయపడి బతుకుతున్నావు. లేదూ, నీకు నిజంగానే సూది పడింది, ఏమీ మిగల్లేదంటావా? గుర్వమ్మకూ ఏమీ మిగల్లేదు. ఉప్పు ఉప్పులాగే తగిలింది. అయినా పిల్ల వెంట వస్తోంది. నువ్వూ రా.

నన్ను నమ్మి సూది ముందు కూర్చున్నవాళ్లారా, మీకు క్షమాపణ చెప్పే జాగా ఈ కాగితంలో లేదు. వాకిట్లో అందరి ముందు చెబుతాను. వినడానికైనా రండి.

కొల్లాపూరు, మండలి వాకిలి. మధ్యాహ్నం మూడింటికి పెట్టె తెరుస్తారు. రేపు చదువుదామని ఈ కాగితం మడిచి పెట్టకు, రేపటికి ఆ పిల్ల ఎర్ర పోగును చూసి తప్పు పడిందనుకుంటుంది. పక్కింటివాళ్లను కేకెయ్యి. నువ్వెన్నడూ కేకెయ్యలేదు కదా, ఈ రోజు వెయ్యి. పిడికిట్లో ఇంత ఉప్పు పట్టుకో, ఎవరెవరు వచ్చారో ఒకరికొకరం గుర్తుపడతాం. ఆ రెండు మాటలు అనడానికి నేను నలభై రెండేళ్లు తీసుకున్నాను. నీకు మూడింటి దాకే ఉంది. లే, బయలుదేరు.